రిమోట్ మీ నాయన చేతిలోనే ఉంచు

బిడ్డా,

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసింది. మీ నాయన క్యాన్సర్‌కు కీమో అయిపోయేదాకా ఉద్యోగానికి సెలవు పెట్టి నువ్వే దగ్గరుండి చూసుకుంటావట. ఆరు విడతలు, విడతకు 21 రోజులు, అంటే నాలుగు నెలల పైమాటే. ఫోన్ పెట్టేశాక చాలాసేపు గడప మీదే కూర్చున్నా. మా తమ్ముడు బంగారాన్ని కన్నాడు అనుకున్నా. ఆ వెంటనే దడ కూడా మొదలైంది.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తా. రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో పెట్టు. జ్వరం 100.4 తాకితే అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి ఫోన్ చెయ్, తెల్లారనీ అనుకోవద్దు. ఎర్ర మందు ఎక్కించాక మూత్రం ఎర్రగా వచ్చిందని మొన్న హడలిపోయారట, అది మందు రంగే, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఇంకోటి, సెలవు ఆఫీసుకే పెట్టు, నీ అన్నానికి పెట్టకు. పోయినసారి చూస్తే మెడ దగ్గర ఎముకలు తేలి ఉన్నావు.

ఇక రాత్రి నన్ను నిద్రపోనియ్యని మాట. నాయన సీరియల్ చూస్తూ ఏడుస్తుంటే టీవీ కట్టేశావట. ట్యాబ్‌లో ఏడుపు సినిమాలన్నీ తీసేసి కామెడీలు ఎక్కించావట. మీ అమ్మ మెచ్చుకుంటూనే చెప్పింది. నాకు మాత్రం మీ మామయ్య కళ్ళ ముందు మెదిలాడు.

మామయ్యకు డయాలసిస్ నడిచినప్పుడు నువ్వు స్కూల్లో ఉన్నావు. వారానికి మూడుసార్లు దేవరకొండ నుంచి నల్గొండకు బస్సులో పోయేవాళ్ళం. నాలుగు గంటలు మంచం మీదే. గోడకు ఒక టీవీ, దాని ముందు ఆరు మంచాలు. ఒకరోజు ఏదో పాత సినిమాలో అప్పగింతలు వస్తున్నాయి. పెళ్ళికూతురు తండ్రి కొంగు ముడి చూస్తూ నిలబడ్డాడు. పక్కకు తిరిగితే మామయ్య ఏడుస్తున్నాడు. ఎడమ చేతికి సూదులు, కదపొద్దు. కుడి చేతికి బీపీ పట్టీ బిగుసుకుంటోంది. తుడుచుకునే వీలు లేక నీళ్ళు చెవిలోకి కారుతున్నాయి.

నా కొంగుతో తుడిస్తే అయిపోయేది. నేను చుట్టూ చూశాను. పక్క మంచం ఆయన, వాళ్ళ కోడలు, ఇటే చూస్తున్నారు. సిగ్గేసింది బిడ్డా. "ఏందిది, చిన్నపిల్లగాని లెక్క? అందరూ చూస్తున్నరు" అన్నాను. అని ఊరుకోలేదు, టెక్నీషియన్ పిల్లగాణ్ణి పిలిచి వార్తలు పెట్టమన్నాను. మామయ్య ఒక్క మాట అనలేదు. పట్టీ వదులు కాగానే కుడి చేత్తో తువ్వాల మొహం మీదికి లాక్కున్నాడు.

ఆ తర్వాత పదకొండు నెలలు నా ముందు కన్నీళ్ళు పెట్టలేదు. గట్టిపడ్డాడు, మంచిదే అనుకుని నేను సంబరపడ్డాను. దినాలయ్యాక కాగితాల కోసం ఆ సెంటర్‌కు పోతే ఆ పిల్లగాడే చెప్పాడు: "అమ్మా, మీరు మందుల లైన్లో నిలబడ్డప్పుడల్లా సారు సినిమా పెట్టమనేటోడు. మీరొచ్చే టైముకు మళ్ళీ వార్తలు పెట్టమనేటోడు."

నన్ను బయటికి పంపి ఏడ్చుకున్నాడు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే ముద్ద దిగదు.

అందుకే చెప్తున్నా, నాయన చేతిలో రిమోట్ లాక్కోకు. మన ఇళ్ళల్లో మగవాళ్ళు తమ గురించి ఏడవరు. సినిమాలో ఎవరో బిడ్డను సాగనంపుతుంటే ఆ వంకన ఏడుస్తారు. ఆ వంక తీసేస్తే మిగిలేది తువ్వాలే. పక్కన కూర్చో. ఎందుకేడుస్తున్నావని అడగకు, ధైర్యం చెప్పకు. కావాలంటే మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి జరుపు. నీకూ ఏడుపొస్తే వంటింట్లోకి పరుగెత్తకు.

ఇందులో మందుల పాలూ ఉంది. కీమోతో పాటు ఐదు రోజులు మింగే స్టెరాయిడ్ మాత్రలు ఉన్నాయి చూడు, వాటికి కోపం, ఏడుపు, నిద్ర పట్టకపోవడం అన్నీ వస్తాయి. ఆపేసిన తర్వాత రెండు మూడు రోజులు మనిషి నీరసంగా, దిగులుగా ఉండొచ్చు. డాక్టర్ వేరేగా చెప్పకపోతే పొద్దున టిఫిన్ తిన్నాక వేయి. ఏ రోజు ఏడ్చాడో, ఏ రోజు నిద్ర పోలేదో ఫైల్లోనే రాసి పెట్టి డాక్టర్‌కు చూపించు. టీవీ లేకపోయినా రోజుల తరబడి దిగులుగా ఉన్నా, ఇష్టమైన జొన్నరొట్టె కూడా ముట్టకపోయినా, బతికి ఏం లాభం అన్నా, అది సినిమా ఏడుపు కాదు. వచ్చే విడత దాకా ఆగకుండా ఆ రోజే డాక్టర్‌కు చెప్పాలి. మనసు డాక్టర్ దగ్గరికి పంపిస్తే మీ అమ్మ నలుగురూ ఏమనుకుంటారో అంటుంది. వినకు. నలుగురి కోసం నేను చేసింది చాలు.

ప్రేమాభిషేకం కూడా తీసేశావట. 1981లో అది వచ్చినప్పుడు నాయనకు పంతొమ్మిదేళ్ళు. ఊరి నుంచి సైకిల్ తొక్కుకుంటూ నల్గొండ పోయి రెండుసార్లు చూశాడు. హీరోకు క్యాన్సర్, చివరికి పోతాడు. క్యాన్సర్ అంటే ఇక అంతే అని మా ఈడు వాళ్ళ బుర్రలోకి ఎక్కించింది ఆ సినిమాలే. నీ భయం నాకు తెలుసు. కానీ ఆ కథ నాయన తలలో నలభై ఏళ్ళుగా ఆడుతూనే ఉంది, ట్యాబ్‌లోంచి తీస్తే పోదు. చూడనియ్. అయిపోయాక, నాయనకొచ్చిన ఈ లింఫోమా రకం క్యాన్సర్ చాలామందికి నయమవుతుందని డాక్టర్ చెప్పిన మాట నీ నోటితో ఇంకోసారి చెప్పు. అప్పుడైతే చెవికెక్కుతుంది.

ఆదివారం బత్తాయిలు పంపిస్తున్నా, బాగా కడిగి తొక్క తీసి పెట్టు. మూడో విడతకు నేనే వస్తా. ఆ సినిమా మళ్ళీ ఎక్కించి ఉంచు, నేనూ తమ్ముడూ కలిసి చూస్తాం. నువ్వు ఆ మూడు గంటలు పడుకో.

మీ అత్తమ్మ