పసుపు జాక్ వెనక 64 మైక్రోసెకండ్లు

బెంగళూరు

తమ్ముడూ,

ఆర్డుయినో ఊనో బోర్డు నుంచి టీవీ పసుపు వీడియో జాక్‌కి పంపిన బొమ్మ వణుకుతోందని రాశావు. 16 మెగాహెర్ట్జ్ చాలడం లేదేమో, ఇంకా వేగమైన చిప్పు కొననా అని అడిగావు. కొనకు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? టీవీకి నీ వేగంతో పనిలేదు, తాళం తప్పకపోతే చాలు. టీవీ తెర మీద గీసే ప్రతి అడ్డ లైన్లోనూ నీ కోడు ఒకే ఆలస్యంతో నడిస్తే బొమ్మ రాయిలా నిలబడుతుంది. ఒక లైన్లో తొందరగా, ఇంకో లైన్లో తీరిగ్గా నడిస్తే ఎంత పెద్ద చిప్పు అయినా వణుకుతుంది.

ఎన్‌టీఎస్‌సీ (అమెరికాలో పుట్టిన టీవీ పద్ధతి) వదిలేసి పాల్‌కి (మన దేశపు టీవీ పద్ధతికి) మారు. మన దేశంలో 1982లో రంగుల ప్రసారం మొదలైంది పాల్‌లోనే, కాబట్టి ఇక్కడ దొరికే ఏ పాత టీవీ అయినా దాన్ని తీసుకుంటుంది. అసలు లాభం లెక్కలో ఉంది. పాల్‌లో ఒక లైను 64 మైక్రోసెకండ్లు, అంటే 16 మెగాహెర్ట్జ్ దగ్గర సరిగ్గా 1024 సైకిళ్లు (చిప్పు గడియారం టిక్కులు). ఎన్‌టీఎస్‌సీలో అది 1016.9 అని వస్తుంది, ఆ భిన్నంతో ఎందుకు తంటా?

ఇక రెసిస్టర్లు. సింక్ (లైనూ బొమ్మా ఎక్కడ మొదలవుతాయో టీవీకి చెప్పే సంకేతం) పిన్నుకి 1 కిలో ఓం, వీడియో పిన్నుకి 470 ఓం. రెండూ పసుపు జాక్‌కి వెళ్లే ఆర్‌సీఏ సాకెట్ మధ్య కాలి దగ్గర కలుస్తాయి. టీవీ లోపల ఉండే 75 ఓంలతో కలిపి లెక్కవేస్తే సింక్‌కి 0, నలుపుకి 0.30, తెలుపుకి 0.95 వోల్టులు. ప్రమాణం అడిగేది 0, 0.3, 1.0. ఇంతకంటే ఏం కావాలి? జాక్ పీకేసి స్కోప్‌తో చూస్తే 1.6, 5 వోల్టులు కనిపిస్తాయి, కంగారు పడకు. అక్కడ 75 ఓంలు లేవు, అంతే. ఎస్‌పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారుకి వెళ్లినప్పుడు ఒక 75 ఓం రెసిస్టర్ కూడా తెచ్చుకుని కొలిచేటప్పుడు అడ్డంగా పెట్టు.

సింక్‌ని సాఫ్ట్‌వేర్‌తో తిప్పకు. నీ కోడులో ఇంటరప్ట్ (నడుస్తున్న పనిని ఆపి ముందుగా చేసే చిన్న పని) లోపల పిన్నుని పైకీ కిందకీ లాగుతున్నావు, రోగం సగం అక్కడే ఉంది. చిప్పులోని టైమర్1ని ఫాస్ట్ పీడబ్ల్యూఎం (పల్సులు తనే పుట్టించే) 14వ మోడ్‌లో, ఇన్వర్టింగ్ అవుట్‌పుట్‌తో పెట్టు. దాని రిజిస్టర్లలో, అంటే ఐసీఆర్1లో (లైను పొడవు) 1023, ఓసీఆర్1ఏలో (పల్సు పొడవు) 74. అప్పుడు 9వ పిన్ను ప్రతి 1024 సైకిళ్లకూ 75 సైకిళ్లు, అంటే 4.7 మైక్రోసెకండ్లు, తనంతట తానే కిందకి దిగుతుంది. ప్రాసెసర్ ఏం చేస్తున్నా దానికి పట్టదు.

ఫీల్డు (తెర మీద పైనుంచి కిందకి ఒక పూర్తి బొమ్మ) సింక్ కోసం దాని 312 లైన్లలో మూడింటికి ఓసీఆర్1ఏని 948 చెయ్యి. లైన్లో 59.3 మైక్రోసెకండ్లు కిందే ఉండి, చివర 4.7 మాత్రం పైకి లేస్తుంది. ఆ చివరి లేవడాన్ని చిన్నచూపు చూడకు. మూడు లైన్లూ ఏకంగా కిందే ఉంచితే టీవీకి లైను మొదలయ్యే అంచులు దొరకవు, బొమ్మ పైభాగం గొడుగు పిడిలా వంగుతుంది. ఇంకో మాట, ఈ మోడ్‌లో ఓసీఆర్1ఏలో రాసిన విలువ వెంటనే పనిచేయదు, లెక్క మళ్లీ సున్నాకి వచ్చాకే అందుకుంటుంది. అంటే ఈ లైన్లో రాసింది వచ్చే లైనుకి. ఇది మరచిపోయినవాళ్లు ఎక్కడ తప్పిందో తెలియక లైన్ల లెక్కని పదిసార్లు మారుస్తారు.

ఇప్పుడు నీ వణుకు. ఇంటరప్ట్ వచ్చినప్పుడు ప్రాసెసర్ చేతిలో ఉన్న ఇన్‌స్ట్రక్షన్ పూర్తి చేసిగానీ కదలదు. అది ఒక సైకిల్‌ది కావచ్చు, నాలుగు సైకిళ్ల ‘రెట్’ (ఫంక్షన్ నుంచి వెనక్కొచ్చే ఆదేశం) కావచ్చు. తేడా మూడు సైకిళ్లు, 187.5 నానోసెకండ్లు. నీ పిక్సెల్ వెడల్పు ఆరు సైకిళ్లు కాబట్టి కొన్ని లైన్లు అర పిక్సెల్ పక్కకి జరుగుతాయి. ఎడమ అంచు రంపంలా కనిపించేది అందుకే. మందు సులువు: ఇంటరప్ట్‌లో రిజిస్టర్లు దాచుకున్నాక టీసీఎన్‌టీ1 (టైమర్1 లెక్క) కింది బైట్ చదివి, ఎంత ముందుగా వచ్చావో అన్ని ‘నాప్’లు (ఒక సైకిల్ ఊరికే గడిపే ఆదేశాలు) ఎక్కువ వేసుకో. ఆ వరసని అసెంబ్లీలోనే రాయి, సీ కంపైలర్ నమ్మదగ్గది కాదు. ఆ తర్వాత ఏ ‘ఇఫ్’ పెట్టినా రెండు దారులూ సమానమైన సైకిళ్లు తినాలి.

మిల్లీస్ (గడిచిన సమయం చెప్పే ఆర్డుయినో ఫంక్షన్) కోసం నడిచే టైమర్0 ఇంటరప్ట్ కూడా ఆపెయ్యాలి. అప్పుడు డిలే, మిల్లీస్ రెండూ పోతాయి, వాటి బదులు ఫీల్డులు లెక్కపెట్టుకో, ఒక్కోటి దాదాపు 20 మిల్లీసెకండ్లు. రంగుల ఎల్‌ఈడీ స్ట్రిప్ లైబ్రరీ ఏదైనా కలిపావా? ఒక్కో ఎల్‌ఈడీకీ 30 మైక్రోసెకండ్లు ఇంటరప్ట్‌లు మూసేస్తుంది. రెండు మూడు ఎల్‌ఈడీలకే లైన్ల లెక్క తప్పి బొమ్మ ఎగురుతుంది.

పిక్సెళ్లకి ఎస్‌పీఐ (బిట్లని వరసగా పంపే చిప్పు భాగం) వాడకు, బైట్‌కీ బైట్‌కీ మధ్య సందు వస్తుంది. యూఎస్‌ఏఆర్‌టీని (సీరియల్ పోర్టు భాగాన్ని) మాస్టర్ ఎస్‌పీఐ మోడ్‌లో పెట్టు, దానికి బఫర్ ఉంది కాబట్టి సందు రాదు. డీ4 పిన్నుని అవుట్‌పుట్‌గా పెట్టడం మరచిపోతే అది స్లేవ్‌గా మిగిలిపోయి ఒక్క బిట్ కూడా బయటికి రాదు. యూబీఆర్ఆర్0లో (దాని వేగం రిజిస్టర్) 2 వేస్తే బిట్‌కి ఆరు సైకిళ్లు. 128 పిక్సెళ్లు 48 మైక్రోసెకండ్లలో పోతాయి, కనిపించే భాగం 52. లైను మొదలయ్యాక 198 సైకిళ్ల దగ్గర మొదలుపెడితే బొమ్మ మధ్యలో పడుతుంది. నిలువునా 96 వరసలు, ఒక్కోటి మూడేసి లైన్లు. మెమరీలో బొమ్మకి 1536 బైట్లు పోయి మిగతా పనులన్నిటికీ 512 మిగులుతాయి. కనిపించే 288 లైన్లలో ప్రాసెసర్‌కి ఊపిరాడదు, ఆట లాజిక్ అంతా మిగతా 24 లైన్ల ఒకటిన్నర మిల్లీసెకండ్లలో ముగించాలి.

ఈ యూఎస్‌ఏఆర్‌టీకి ఒక చెడ్డ అలవాటుంది. ఖాళీగా ఉంటే పిన్నుని పైన పెట్టి ఉంచుతుంది, అంటే తెలుపు. చివరి బైట్ వేశాక ట్రాన్స్‌మిటర్‌ని ఆపు (దారిలో ఉన్నవి పంపాకే ఆగుతుంది). డీ1 (వీడియో పిన్ను) ముందే అవుట్‌పుట్‌గా, కింద ఉండాలి. తర్వాతి లైన్లో ఆన్ చేయగానే బైట్ వెయ్యాలి, జాగు చేస్తే ఎడమ పక్క తెల్ల గీత. ఇవి అందానికి చెప్పడం లేదు. సింక్ అయిపోయాక వచ్చే 5.7 మైక్రోసెకండ్ల ఖాళీలోనే టీవీ నలుపు ఎంతో కొలుచుకుంటుంది. అక్కడ తెలుపు కారితే దాన్నే నలుపనుకుని తెరంతా చీకటి చేస్తుంది. ‘బొమ్మ మసగ్గా ఉంది, రెసిస్టర్ మార్చాలా’ అని అడిగేవాళ్లలో చాలామందికి ఉన్నది ఈ జబ్బే.

పరీక్షకి పాత పిక్చర్ ట్యూబ్ టీవీ దొరికితే తెచ్చుకో, వెనక మూత మాత్రం తీయకు. తప్పు ఎలా ఉందో ట్యూబ్ టీవీ చూపిస్తుంది. బొమ్మ పైకో కిందకో దొర్లితే ఫీల్డు సింక్, ఏటవాలు చారలుగా చిరిగితే లైను పొడవు. ఎల్‌సీడీ టీవీ, యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్ మాత్రం నీలం తెర వేసి ఊరుకుంటాయి. పైగా ఇంటర్‌లేస్ (సరి, బేసి లైన్లు విడివిడిగా పంపడం) లేని 312 లైన్లని కొన్ని అసలే ఒప్పుకోవు.

తర్వాత ఆర్‌పీ2040 చిప్పుకి (పికో బోర్డులోది) వెళ్తే, 125 మెగాహెర్ట్జ్ దగ్గర లైనుకి సరిగ్గా 8000 సైకిళ్లు. 20 సైకిళ్లకో పిక్సెల్ అయితే 256 పిక్సెళ్లకి 41 మైక్రోసెకండ్లు. పీఐఓ (ఆ చిప్పులో పిన్నులు నడిపే భాగం) డివైడర్‌లో భిన్నం పెట్టకు, వణుకు వెనక్కొస్తుంది. 3.3 వోల్టులకి రెసిస్టర్లు కూడా మారాలి, సింక్‌కి 560, వీడియోకి 270. రంగు ఇప్పుడే వద్దు. దానికి కావలసిన 4.43361875 మెగాహెర్ట్జ్ ఊనోలోని సిరామిక్ రెజొనేటర్‌తో అయ్యే పని కాదు.

ముందు పిక్సెళ్ల కోడంతా కామెంట్ చేసి సింక్ ఒక్కటే నడుపు. టీవీ నీలం తెర వదిలి నిశ్చలమైన నలుపు చూపిస్తే ఆ భాగం అయినట్టే. చూపకపోతే 24 మెగాహెర్ట్జ్ చవక లాజిక్ ఎనలైజర్‌ని 9వ పిన్నుకి తగిలించి, మూడు ఫీల్డు సింక్ లైన్లూ, వాటికి అటూ ఇటూ రెండేసి లైన్లూ కనబడేలా తీసి పంపు.

అన్నయ్య