దక్షిణాఫ్రికాలోని బ్లూ క్రేన్ అనే కొంగను కాపాడాలంటే అది బతికే గడ్డి నేలల్లో చెట్లు నాటొచ్చు కదా?

నాటితే ఇంకా త్వరగా పోతుందండీ. పచ్చగా చెట్లుంటే పక్షులకు మంచిదేనని మనందరికీ బళ్లోనే ఎక్కించేశారు కాబట్టి మీకు ఈ డౌటు రావడం సహజమే.

దక్షిణాఫ్రికా జాతీయ పక్షి అయిన ఈ బ్లూ క్రేన్ చెట్టెక్కి గూడు కట్టదు. పొట్టి గడ్డిలో నేలమీదే, మామూలుగా రెండు గుడ్లు పెట్టి, నక్కో మరొకటో వస్తోందేమోనని దూరం నుంచే కనిపెట్టుకుని ఉంటుంది. చుట్టూ చెట్లు లేస్తే ఆ చూపూ ఆగిపోతుంది, మేతా పోతుంది. ఆ దేశం తూర్పు వైపు సరిగ్గా అదే జరిగింది, కలపకీ కాగితానికీ అని గడ్డి నేలల్లో పైన్, యూకలిప్టస్ వేసుకుంటూ పోయారు. నేను జొహానెస్‌బర్గ్‌లో ఉద్యోగం చేసేటప్పుడు ఆ తూర్పు వైపే ఉన్న సాబీ అనే ఊరి వైపు వెళ్తే రోడ్డుకి అటూ ఇటూ అవే వరసలు, గాలిలో అచ్చం మా కొండపి వైపు జామాయిల్ తోటల వాసన. మా ప్రకాశంలోనూ పేపరు మిల్లుల కోసం జామాయిల్, సుబాబుల్ బాగా వేశారు. పొగాకులో నష్టపోయిన రైతుని ఏమీ అనలేం గానీ, ఒంగోలు ఎడ్లు మేసే బీడు, తీతువు గుడ్లు పెట్టుకునే బీడు మన లెక్కలో ఉత్త బంజరు, అదే నా బాధ. అలాంటి గడ్డి బీళ్లలోనే బతికే బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం కర్నూలు వైపు రోళ్లపాడులో 1988లో అభయారణ్యం పెట్టారు, ఇప్పుడక్కడ అది కనపడడమే గగనం.

కేప్‌టౌన్‌కి తూర్పున ఓవర్‌బర్గ్‌లో మాత్రం కోసేసిన గోధుమ చేలల్లో బ్లూ క్రేన్లు గుంపులుగా తిరగడం చూశాను. అంటే సొంత గడ్డి పోయినా రైతుల పొలాల్లో సర్దుకున్నాయి. అక్కడా గండాలు లేకపోలేదు. పంట పాడుచేసే వేరే పిట్టల కోసం ఎవరైనా గింజలకి మందు కలిపి చల్లితే ఇవీ తిని చస్తాయి. ఇంకోటి కరెంటు తీగలు, వీటి కళ్లు ఉన్న తీరు వల్ల ఎగురుతూ తల వంచి కిందికి చూసినప్పుడు ఎదురుగా ఏముందో కనపడదట, అంత పెద్ద పక్షి నేరుగా వెళ్లి తగులుకుంటుంది. అందుకే తీగలకి దూరం నుంచి కనపడే బిళ్లలు వేలాడదీస్తారు.

ఎక్కువ పక్షులు ఉండేది ప్రైవేటు భూముల్లోనే కాబట్టి కంచె వేసి అభయారణ్యం అంటే కుదరదు, రైతు ఒప్పుకోవాలి. మీరు చందా ఇవ్వాలనుకుంటే మొక్కలు నాటేవాళ్లకి కాకుండా, ఆ రైతుల చుట్టూ తిరిగేవాళ్లకీ తీగలకి బిళ్లలు కట్టించేవాళ్లకీ ఇవ్వండి.