నాటిక రాస్తున్న బుజ్జమ్మకు

విజయనగరం

చి. బుజ్జమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

నీ నాటిక అందింది. ముందు మనసులో చదువుకున్నాను, తర్వాత మీ పెద్దమ్మని ఎదురుగా కూచోబెట్టుకుని పైకి చదివాను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం రైతు కుటుంబాన్ని తీసుకున్నందుకు చాలా సంతోషమేసింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ జీడితోటల్నీ కొబ్బరి చెట్లనీ ఎలా పడగొట్టిందో కళ్లారా చూసినవాళ్లే రేపు నీ ముందు వరసలో కూచుంటారు. వాళ్ల కోసం కాస్త గట్టిగానే చెబుతాను.

మొదటి రెండు రంగాలూ తీసెయ్యి. గాలి హోరు, చీకటి, అరుపులు ఎంత బాగా పెట్టినా, ఆ రాత్రి అనుభవించినవాళ్లకి ఆనవు. అసలు నీ కథ తుపాను కాదమ్మా. తోట పోయాక మిగిలిన నేల అమ్మాలా వద్దా అని మొగుడూ పెళ్లాల మధ్య పడ్డ పేచీ. అది నీకు మూడో రంగంలోగానీ తగల్లేదు. అక్కణ్ణించే మొదలుపెట్టు. బ్రోకరు అడ్వాన్సు పట్టుకుని సాయంత్రం వస్తానన్నాడు. ఇప్పుడు మధ్యాహ్నమైంది. ఒకే ఇల్లు, ఒకే పూట. ఆ వచ్చేవాడి కోసం ప్రేక్షకులు కూడా గుమ్మంకేసి చూస్తూ కూచోవాలి.

మన ఊళ్లోనే పుట్టిన కన్యాశుల్కం తెరిచి చూడు. అది పెద్ద నాటకమే, కానీ ఎత్తుగడ చూడు. తెర లేచేసరికి గిరీశం బొంకులదిబ్బ దగ్గర ఒంటరిగా ఉంటాడు. పూటకూళ్లమ్మ డబ్బు అప్పటికే ఖర్చయిపోయింది. ఇక ఊళ్లో ఉంటే ప్రమాదం. ఆ డబ్బు ఎలా తీసుకున్నాడో గురజాడ మనకి ఆడించి చూపించలేదు. కథని పీకలమీదకి వచ్చిన ఘడియలో పట్టుకున్నాడు.

ఇక మాటలు. నీ రైతు భార్యతో అంటాడు: "తిత్లీ తుపానులో మన రెండెకరాల జీడితోట నేలమట్టం అయిపోయింది కదా, అప్పటి నుంచీ మనం అప్పులపాలయ్యాం." ఆవిడకి తెలీదా? ఆ చెట్ల కింద పిక్కలు ఏరిన మనిషి ఆవిడ. ఆ మాట అతను ఆవిడతో అనడం లేదు, ప్రేక్షకులకి చెబుతున్నాడు. అలాంటి మాట వినపడగానే నటుడి మొహంలో ప్రాణం పోతుంది. ఎవరు నోరు విప్పినా ఎదుటివాళ్ల దగ్గర ఏదో ఒకటి రాబట్టుకోవడానికే విప్పాలి. ఇలా అనిపించి చూడు:

"ఒలే, పాసుపుస్తకం ఎక్కడెట్టినావు?"

"ఏటికి?"

"ఏటికేటి, సూద్దామని."

"సూడ్డానికి సొక్కా ఎందుకు మార్చినావు?"

అంతే. అమ్మేస్తున్నాడనీ, చెప్పకుండా అమ్మేస్తున్నాడనీ, ఆవిడ కనిపెట్టేసిందనీ నాలుగు మాటల్లో తెలిసిపోయింది. తుపాను పేరు తర్వాతెప్పుడో, కోపంలో దొర్లుతుంది. పాసుపుస్తకం ఆవిడ కొంగులో ఉందని ప్రేక్షకులకి ముందే చూపించెయ్యి. అతను పెట్టె వెతుకుతున్నంతసేపూ హాలంతా ఆ కొంగునే చూస్తుంది. ఉపన్యాసాలు చెయ్యలేని పని ఆ చిన్న పుస్తకం చేస్తుంది.

యాస గురించి నాకు పట్టుదల ఎక్కువ, తెలుసుగా. నువ్వు రైతు చేత పుస్తకాల భాష పలికించి, పాలేరు చేత మాత్రం మన శ్రీకాకుళం మాట అనిపించావు, అదీ నవ్వు కోసం. మన మాట నవ్వులాటకి కాదమ్మా. ఆ ఇంట్లో అందరూ ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాలి. ఏడుపూ, తగువూ, బతిమాలుకోవడం అన్నీ ఆ యాసలోనే. విశాఖలో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఫోన్లో పట్నం మాట మాట్లాడనీ. అమ్మ మీద కోపమొచ్చినప్పుడు "నాకేటి తెలీదనుకున్నావేటి?" అనేస్తాడు చూడు, అక్కడ వాడెవడో బయటపడతాడు.

స్టేజీ సంగతులు కొన్ని. ఏడు పాత్రలు వద్దు, నాలుగు చాలు. పాలేరూ పక్కింటావిడా లాంటివాళ్లు లేకపోయినా కథ నడుస్తుంది. మన నాటక సమాజాల్లో స్త్రీ పాత్రలకి సాధారణంగా బయటి నుంచి నటిని పిలుస్తారు, ఆవిడ చివరి రిహార్సల్సుకే అందుతుంది. అందుకని భార్య పాత్రకి పేజీలకి పేజీలు పెట్టకు, చిన్న మాటలూ పెద్ద పనులూ పెట్టు. గుసగుసలు రాయకు. మైకులు పైన వేలాడుతుంటాయి, వెనక వరసకి ఏమీ వినపడదు. లైట్లు ఆర్పి సామాన్లు మార్చడం ఎంత తగ్గితే అంత మంచిది. నాటక పరిషత్తు పోటీకి పంపేటట్టయితే నిడివి ఎంతన్నారో నిబంధనల్లో చూసుకుని, గడియారం పెట్టుకుని పైకి చదువు. చదివినదానికన్నా ఆడేటప్పుడు ఎక్కువ పడుతుంది.

ముగింపులో కొడుకు చేత "రైతే దేశానికి వెన్నెముక" అనిపించావు. చప్పట్లు పడతాయి, నిజమే. కానీ ఆ చప్పట్లు ఆ వాక్యానికి, నీ మనుషులకి కాదు. నన్నడిగితే ఆవిడే పుస్తకం తీసి బ్రోకరు ఎదురుగా మొగుడి చేతిలో పెట్టాలి. అమ్మాలో వద్దో అతన్నే తేల్చుకోమనాలి. అతను ఏం చేస్తాడన్నది నువ్వు నిర్ణయించు. ఏది రాసినా దానికి కారణం మొదటి పేజీలోనే ఉండాలి.

తిరగరాయడానికి బద్ధకించకు. కన్యాశుల్కం 1892లో ఇక్కడ ఆడారు, 1897లో అచ్చయింది. అయినా గురజాడ ఊరుకోలేదు. 1909లో దాదాపు కొత్త నాటకమే అన్నంతగా మార్చి మళ్లీ అచ్చు వేశారు. ఇవాళ మనం చదువుతున్నది అదే.

దసరా సెలవులకి వచ్చేటప్పుడు కొత్త ప్రతి పట్టుకురా. మన కుర్రాళ్లని పిలుస్తాను, పాత్రలు పంచి చదివిద్దాం. నువ్వు మాత్రం ఏ పాత్రా చదవకు, పెన్ను పట్టుకుని పక్కన కూచో. ఎవరి నాలుక ఎక్కడ తడబడితే అక్కడ గీత పెట్టుకో. మీ నాన్నని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న