సీఎంని దించే హక్కు ఎవరికుంది? – పాఠకుల ప్రశ్నలకి జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి గ్రూప్-2కి చదువుతున్నాడండీ. గవర్నర్‌కి ఇష్టం ఉన్నంతకాలమే మంత్రులు పదవిలో ఉంటారని రాజ్యాంగంలో ఉందట. అంటే మనం ఓట్లేసి గెలిపించుకున్న ముఖ్యమంత్రిని గవర్నర్ ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇంటికి పంపించేయొచ్చా?
– ఓ గృహిణి, నూజివీడు

జవాబు: కుదరదమ్మా. 164వ ఆర్టికల్‌లో ఆ మాట ఉన్నది నిజమే, కానీ అది గవర్నర్ గారి సొంత ఇష్టం కాదు, అసెంబ్లీలో మెజారిటీ ఉన్నన్నాళ్లు ఆ ఇష్టం ఉన్నట్టే లెక్క. అసలు మనం ఓటేసేది సీఎంకి కాదు, మన ఎమ్మెల్యేకి. ఎక్కువమంది ఎమ్మెల్యేలు ఎవరి వెనకుంటే వాళ్లని గవర్నర్ సీఎంగా నియమిస్తారు, మిగతా మంత్రులందర్నీ సీఎం చెప్పినట్టు నియమిస్తారు. కాబట్టి సీఎం దిగిపోవాలన్నా తేలాల్సింది సభలోనే. మన మొదటి ముఖ్యమంత్రి ప్రకాశం పంతులు గారు అలాగే దిగారు, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మరుసటి ఏడాది నవంబర్‌లో మద్యనిషేధం గొడవ మీద కర్నూలు అసెంబ్లీలో అవిశ్వాసం పెడితే ఒక్కటంటే ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం పడిపోయింది. అంతటి మనిషి ఒక్క ఓటుతో పోవడం బాధే, కానీ అది సభలో, అందరి ఎదుట, లెక్కపెట్టి తేల్చిన ఓటమి కాబట్టి దాన్ని ఎవరూ అన్యాయం అనలేరు.

అన్యాయం అంటే 1984లో జరిగింది. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని ఎన్టీఆర్ అప్పుడే తిరిగొచ్చారు, ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఆయన్ని తీసేసి, ఆయన కేబినెట్‌లోనే ఆర్థికమంత్రిగా చేసిన నాదెండ్ల భాస్కరరావు గారి చేత ప్రమాణం చేయించారు. సభలో బలం నిరూపించుకుంటానని ఎన్టీఆర్ అంటున్నా అవకాశం ఇవ్వలేదు, కొత్తాయనకి మాత్రం నెల గడువిచ్చారు! ఉన్న సీఎంకి ఒక్కరోజు ఇవ్వకపోవడం, వచ్చిన సీఎంకి నెలివ్వడం, ఆ ఒక్క తేడా చూస్తే చాలు ఆ నిర్ణయం ఎలాంటిదో అర్థమైపోతుంది. తర్వాత ఎన్టీఆర్ వీల్‌చైర్‌లో కూర్చుని ఎమ్మెల్యేలందర్నీ వెంటబెట్టుకుని ఢిల్లీలో రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ ముందు నిలబడ్డారు, ఇక్కడేమో బంద్‌లు, ఊరేగింపులు, పార్టీ తేడా లేకుండా ప్రతిపక్షాలన్నీ కలిశాయి, ఎమ్మెల్యేలు చేజారకుండా కర్ణాటకలో క్యాంపు పెట్టారు. చివరికి రామ్‌లాల్ వెళ్లిపోయి శంకర్ దయాళ్ శర్మ గవర్నర్‌గా వచ్చాక సెప్టెంబర్ 16న ఎన్టీఆర్‌ మళ్లీ సీఎం అయ్యారు. గవర్నర్ తీసేసిన సీఎం నెల తిరిగేసరికి అదే కుర్చీలోకి రావడం మామూలు విషయం కాదండీ, మన జనం రోడ్డెక్కి సాధించుకున్నది అది.

కానీ ప్రతిసారీ జనం రోడ్డెక్కాలంటే ఎలా? ఐదేళ్లకి పక్క రాష్ట్రంలో అదే జరిగింది. కర్ణాటకలో 19 మంది ఎమ్మెల్యేలు మద్దతు తీసేసుకున్నారని లెటర్లొచ్చాయి, వాళ్లలో ఏడుగురు తర్వాత మాట మార్చి మేం సీఎం వైపే అన్నారు, సభ పెట్టండి తేల్చుకుంటానని అప్పటి కర్ణాటక సీఎం ఎస్.ఆర్. బొమ్మై అడిగారు, అయినా గవర్నర్ వినకుండా రిపోర్టు పంపారు, 1989 ఏప్రిల్ 21న రాష్ట్రపతి పాలన వచ్చేసింది. ఆ గవర్నర్ మన తెలుగాయనే, పెండేకంటి వెంకటసుబ్బయ్య గారు. బొమ్మై కోర్టుకెళ్లారు. 1994 మార్చి 11న తొమ్మిది మంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం తేల్చిచెప్పింది, మెజారిటీ ఉందా లేదా అన్నది సభలోనే తేలాలి, గవర్నర్ సొంత అంచనాతో కాదు అని. బొమ్మైకి పదవి తిరిగి రాలేదు, అప్పటికి ఆలస్యమైపోయింది, కానీ తర్వాత వచ్చిన సీఎంలందరికీ ఆ తీర్పే రక్ష. 2018లో కర్ణాటకలోనే యడ్యూరప్పకి గవర్నర్ బలపరీక్షకి 15 రోజులు టైమిస్తే సుప్రీంకోర్టు వెంటనే పెట్టమంది, మే 17న ప్రమాణం చేసినాయన 19న రాజీనామా చేశారు. మీ అబ్బాయిని ఆర్టికల్ నంబర్‌తో పాటు బొమ్మై కేసు కూడా బాగా చదవమనండి.

ప్రశ్న: సొంత సీటులోనే ఓడిపోయినవాళ్లు సీఎం ఎలా అవుతారు సార్? ఇది మోసం కాదా?
– డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: మోసం కాదు తమ్ముడూ, దానికి గడువుంది. ఎమ్మెల్యే కాకపోయినా సీఎం కావచ్చు, ఆరు నెలల్లోపు గెలవాలి అంతే, కౌన్సిల్ ఉన్న రాష్ట్రంలో ఎమ్మెల్సీ అయినా సరిపోతుంది, రోశయ్య గారు సీఎం అయినప్పుడు ఎమ్మెల్సీనే. మమతా బెనర్జీ 2021లో నందిగ్రామ్‌లో ఓడి కూడా సీఎం అయ్యారు, తర్వాత భవానీపూర్ ఉప ఎన్నికలో గెలిచారు. అందరికీ అలా కలిసిరాదు, 2009 జనవరిలో శిబూ సోరెన్ జార్ఖండ్ సీఎంగా ఉండి తమార్ ఉప ఎన్నికలో ఓడిపోయి పదవి వదులుకున్నారు. మరి ఆరు నెలలవగానే రాజీనామా చేసి మళ్లీ ప్రమాణం చేస్తే? పంజాబ్‌లో ఓ మంత్రి విషయంలో అదే చేశారు, 2001లో సుప్రీంకోర్టు చెల్లదంది. నాకైతే ఆ తీర్పు చాలా నచ్చుతుంది, లేకపోతే జనం ముఖం చూడకుండానే ఐదేళ్లు గడిపేసేవాళ్లు.

ప్రశ్న: ఒక రాష్ట్రానికి ఎంతమంది డిప్యూటీ సీఎంలు ఉండొచ్చు?
– ఆటో డ్రైవర్, అనంతపురం

జవాబు: లెక్కేం లేదన్నా, రాజ్యాంగంలో ఆ పదవే లేదు, చట్టం దృష్టిలో వాళ్లూ మంత్రులే. ఆంధ్రాలో 2019లో ఒకేసారి ఐదుగుర్ని పెట్టారు. లెక్క ఉన్నది మొత్తం కేబినెట్‌కి. అంజయ్య గారి టైములో 60 మందికి పైగా మంత్రులుండేవాళ్లు, 2003లో రాజ్యాంగం మార్చి అసెంబ్లీ సీట్లలో 15 శాతం దాటకూడదన్నారు, అందుకే ఇప్పుడు సీఎంతో కలిపి ఆంధ్రాలో 26, తెలంగాణలో 18 మందికి మించకూడదు.

ప్రశ్న: మేం సిడ్నీలో ఉంటామండీ. ఇక్కడ కూడా రాష్ట్రానికి గవర్నర్ ఉంటారు, సీఎంని ప్రీమియర్ అంటారు. ఇక్కడెప్పుడైనా మన ఎన్టీఆర్‌కి జరిగినట్టు జరిగిందా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని

జవాబు: జరిగిందమ్మా, మీ న్యూ సౌత్ వేల్స్‌లోనే. 1932 మే 13న ప్రీమియర్ జాక్ లాంగ్‌ని గవర్నర్ ఫిలిప్ గేమ్ తీసేశారు. అప్పుడు ప్రపంచమంతా ఆర్థికమాంద్యం, రాష్ట్రం అప్పుల మీద వడ్డీ కట్టలేనని లాంగ్ అన్నారు, కేంద్రం రాష్ట్రం డబ్బు లాక్కోవాలని చూస్తే కేంద్ర ఖజానాకి పైసా పంపొద్దని రాష్ట్ర ఆఫీసులకి సర్క్యులర్ ఇచ్చారు, అది వెనక్కి తీసుకోమని గవర్నర్ చెప్పినా వినలేదు. దిగువ సభలో ఆయనకి మెజారిటీ ఉంది, అయినా తీసేశారు. ఇక్కడ మన కథకీ దానికీ తేడా ఏంటంటే, అక్కడ వెంటనే జూన్‌లో ఎన్నికలు పెట్టారు, లాంగ్ పార్టీ చిత్తుగా ఓడిపోయింది. ఎవరు కరెక్టు అన్నది ఆఖరికి ఓటరే తేల్చాడు, 1984లో మనకి ఆ అవకాశం ముందు ఇవ్వలేదు.

ఇంకో పెద్ద తేడా ఉంది. 1986 నుంచి ఆస్ట్రేలియాలో రాష్ట్ర గవర్నర్‌ని ఆ రాష్ట్ర ప్రీమియర్ సలహా మీదే నియమిస్తారు, కేంద్రం జోక్యం ఉండదు. మన దగ్గర గవర్నర్‌ని పంపేది కేంద్రమే, ఢిల్లీలో ఒక పార్టీ, రాష్ట్రంలో ఇంకో పార్టీ ఉంటే గొడవంతా అక్కడే మొదలవుతుంది. గవర్నర్‌ని వేసేముందు ఆ రాష్ట్ర సీఎంని అడగాలని, ఆ రూలు రాజ్యాంగంలోనే రాయాలని, కేంద్ర-రాష్ట్ర సంబంధాల మీద వేసిన సర్కారియా కమిషన్ 1988లో రిపోర్టిచ్చింది, ఇన్నేళ్లయినా ఏ పార్టీ ప్రభుత్వమూ దాన్ని రాయలేదు.