కరోనా మొదట్లో ఆసుపత్రులు మామూలు ఆపరేషన్లు ఎందుకు ఆపేశాయి?

పడకలు, ఆక్సిజన్, ముఖ్యంగా సిబ్బంది ఒక్కసారిగా చాలకుండా పోతారన్న భయంతో 2020లో ఆగగలిగిన ఆపరేషన్లను వాయిదా వేశారు.

కొత్త అంటువ్యాధి కేసులు రోజూ ఒకే లెక్కన పెరగవు, రెట్టింపవుతూ పోతాయి. ఇవాళ వంద, కొన్నాళ్లకు రెండొందలు, ఆపై నాలుగొందలు. ఐసీయూ నర్సును మాత్రం నాలుగు రోజుల్లో తయారు చేయలేం. పైగా పీపీఈ కిట్ వేసుకుంటే గంటల తరబడి మంచినీళ్లు తాగడానికీ, బాత్రూమ్‌కు వెళ్లడానికీ వీలుండదు. విప్పేసరికి ఒళ్లంతా చెమట, ముక్కు మీద మాస్కు ఒత్తుకున్న గుర్తు. అలా ఒక్కొక్కరు ఎంతసేపని చేయగలరు? అందుకే షిఫ్టులకు ఎక్కువమంది కావాల్సి వచ్చింది.

సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రినే చూడండి. దాన్ని పూర్తిగా కోవిడ్‌కే కేటాయించి, మిగతా రోగులను ఉస్మానియా లాంటి చోట్లకు పంపారు.

వెంటిలేటర్లు కొంటే సరిపోయేదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఆ మిషన్‌ను రోగికి తగ్గట్టు సర్దుతూ, రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండే మనిషి లేకపోతే అది ఉన్నా లేనట్టే. లాక్‌డౌన్ కూడా జబ్బును పోగొట్టడానికి కాదు, రోగులంతా ఒకేసారి ఆసుపత్రి మీద పడకుండా కాస్త వ్యవధి తెచ్చుకోవడానికి.