ప్లాన్ సరే, తాళంచెవి ఎవరి దగ్గరుంది?

ప్రశ్న: కోవిడ్ అంతా చూశాం కదా, రేపు ఇంకో ఫ్లూ మహమ్మారి వస్తే మన ప్రభుత్వాసుపత్రులు తట్టుకుంటాయా? అసలు ప్లాన్‌లో ఏముండాలి?

ప్లాన్‌లో ఏముండాలో రాసేవాళ్లకి ఢిల్లీలో కొదవ లేదు. నేను ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వాసుపత్రుల్లో ఫార్మసిస్టుగా చేసి రిటైరయ్యాను. నాకు బాగా తెలిసింది ఒక తాళం సంగతి, అదే చెప్తాను.

2009 మే నెలలో దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది మన హైదరాబాద్‌లోనే, అమెరికా నుంచి వచ్చిన ప్రయాణికుడికి. అయినా ఆగస్టు 3న పుణెలో పద్నాలుగేళ్ల అమ్మాయి చనిపోయేదాకా ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. ఆ మర్నాటి నుంచి మా ఊళ్లో మాస్కుల కోసం కొట్లాట. మా వీధిలో పిల్లల మెళ్లో కర్పూరం, యాలకులు మూటగట్టి వేలాడదీశారు. యాలకుల ధరలు తెలుసుగా! ఆ డబ్బుతో ఇంటికి రెండు సబ్బులు కొని చేతులు కడిగించి ఉంటే కాస్త పుణ్యం దక్కేది. నేనీ మాటంటే మా ఆవిడే నా జేబులో ఒక మూట పెట్టింది.

సెప్టెంబరులో మా ఆస్పత్రికి ఆ ఫ్లూకి వాడే మందు ఓసెల్టామివిర్ వచ్చింది, టామీఫ్లూ అంటే అందరికీ తెలుస్తుంది. పెద్దవాళ్లకి 75 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లు పది, రోజుకి రెండు చొప్పున ఐదు రోజులు. అప్పటికి మా ఊరి మందుల షాపుల్లో అది దొరికేది కాదు, సర్కారు ఇవ్వాల్సిందే. మీటింగులో పైవాళ్లు "స్టాకుందా?" అన్నారు, మావాళ్లు "ఉంది సార్" అన్నారు. మా ఊరి ప్లాన్ ఆ రెండు మాటలతో పూర్తయింది.

ఇక దసరా ముందురోజు, ఆదివారం. రాత్రి ఎనిమిదిన్నరకి ఆటోలో ఒకమ్మాయిని తీసుకొచ్చారు. ఏడో నెల. మూడు రోజులుగా జ్వరం, ఆ సాయంత్రం నుంచి ఆయాసం. డ్యూటీ డాక్టరు కొత్త కుర్రాడు, కానీ చదువుకున్నవాడు. గర్భిణులకి ఈ ఫ్లూ ఎంత ప్రమాదమో తెలుసు. గొంతులోంచి శాంపిల్ తీసి ఐస్ డబ్బాలో పెట్టించాడు, హైదరాబాద్ పంపడానికి 108కి ఫోన్ చేయించాడు, నా వైపు తిరిగి "మొదటి డోసు ఇక్కడే వేసి పంపుదాం, రిపోర్టు కోసం ఆగక్కర్లేదు" అన్నాడు. ఆ మందు ఎంత తొందరగా పడితే అంత మేలు, మొదటి రెండు రోజుల్లో పడితే మరీ మంచిది. ఈ పిల్లకి అప్పటికే మూడు రోజులు.

మందు స్టోరులో ఉంది. స్టోరుకి తాళముంది. తాళంచెవి స్టోర్‌కీపరు దగ్గరుంది. స్టోర్‌కీపరు బ్రహ్మోత్సవాలకి తిరుపతిలో ఉన్నాడు. పోయేముందు భక్తిగా ఆయుధపూజ చేసిపోయాడు కూడా: తాళానికి పసుపు, మూడు కుంకుమ బొట్లు, కొక్కేనికి ఒక బంతిపువ్వు. ఫోను స్విచాఫ్. రెండో తాళంచెవి ఆఫీసు బీరువాలో ఉందట, ఆ బీరువా తాళంచెవి కూడా ఆయన మొలతాడుకే!

పైఅధికారికి ఫోన్ చేశాను. "పగలగొట్టమని నేను చెప్పను, పగలగొట్టొద్దనీ చెప్పను" అని పెట్టేశారు. ఇరవై నిమిషాలు అలా పోయాయి. లోపల ఆ పిల్ల తల్లి ఏం జరుగుతోందో తెలియక అందరికీ దండాలు పెడుతోంది. చివరికి 108 డ్రైవరు "జరగండన్నా" అని జాకీ రాడ్డు తెచ్చి రెండు దెబ్బలు వేశాడు. బంతిపువ్వు ఎగిరి నా చెప్పు మీద పడింది. క్యాప్సూలు మింగించి, మిగతా తొమ్మిదీ కవర్లో పెట్టి, ఎన్ని తీశామో తెల్లకాగితం మీద రాసి, ఐదుగురం సంతకాలు పెట్టాం.

ఆ పిల్ల బతికింది. నాలుగు రోజులకి రిపోర్టు నెగెటివ్ అని వచ్చింది. అసలు గొడవ అప్పుడు మొదలైంది. "నెగెటివ్ కేసుకి పది క్యాప్సూళ్లు ఎందుకు ఇచ్చారు? ప్రభుత్వ ఆస్తికి నష్టం ఎందుకు కలిగించారు?" అని నాకు మెమో. ఆయాసమున్న గర్భిణికి రిపోర్టు రాకముందే మందు మొదలుపెట్టాలని కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది, ఆ కాగితం మా ఆస్పత్రికీ వచ్చింది. ఎక్కడుందంటారా? అదే బీరువాలో. కొత్త తాళానికి 180 రూపాయలు నా జీతంలో పట్టుకున్నారు.

ఈ మందు హైదరాబాద్‌లో హెటిరో అనే మందుల కంపెనీ వాళ్లు తయారుచేస్తున్న రోజులవి. అంటే మందు కొరత కాదు, దూరం కాదు, డబ్బూ కాదు. అందుకే మాక్ డ్రిల్ అని బ్యానరు కట్టి, థర్మల్ గన్ను పట్టుకుని ఫొటోలు దిగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. డ్రిల్ చేయాలంటే పండగ ఆదివారం రాత్రి, చెప్పకుండా వచ్చి, "పది నిమిషాల్లో పది క్యాప్సూళ్లు తెచ్చి చూపించండి" అనాలి. ఎవరు తేగలిగితే వాళ్లు సిద్ధంగా ఉన్నట్టు. నా లెక్కన పదిలో తొమ్మిది ఆస్పత్రులు తప్పుతాయి. దీనికి సర్వేలు అక్కర్లేదు, నేను చూశాను.

తప్పంతా పైవాళ్లదే అనను. 2010లో ఆస్పత్రి సిబ్బంది కోసం విదేశాల నుంచి టీకా తెప్పించారు. మా దగ్గర సగంమంది వేయించుకోలేదు. "మొన్నే కనిపెట్టారు, ఏమవుతుందో" అన్నవాళ్లలో ఇద్దరు రోజూ జనానికి సూదులు వేసేవాళ్లే.

కోవిడ్‌తో మారిందా అంటే, 2021 మేలో మా బావమరిది పక్కన ఒక ఆస్పత్రిలో మూడు రాత్రులు కూర్చున్నాను. ఆక్సిజన్ సిలిండర్లు ఉన్నాయి. వాటి వాల్వు తిప్పే స్పానరు మాత్రం వార్డు మొత్తానికి ఒక్కటే. ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరకి దాన్ని పట్టుకుని పరిగెత్తడమే. రెండో రాత్రి నేనే గాజుగుడ్డతో దాన్ని తలుపు పక్క మేకుకి కట్టాను, అందరికీ కనబడేట్టు. తెల్లారేసరికి మేకుకి గుడ్డ ఉంది, స్పానరు లేదు. అడిగితే సిస్టరు చెప్పింది, పోతుందేమోనని స్టోరులో పెట్టి తాళం వేశారట.