తలకిందులైనప్పుడు కాదు, అంతకుముందే భయం వేసింది: నా మొదటి రోలర్ కోస్టర్

"దసరా సెలవులకు పిల్లలతో హైదరాబాద్ వండర్‌లా వెళ్తున్నాం. తలకిందులుగా తిప్పే రోలర్ కోస్టర్ ఎక్కుదామని బాబు ఒకటే పట్టు. నాకు చూస్తేనే టెన్షన్. మొదటిసారి ఎక్కినవాళ్లు ఎలా ఉంటుందో చెప్పగలరా?" అని అడిగారు. నేను చెప్పగలను. ఎక్కిన రోజు నాకు 41 ఏళ్లు. అంతవరకు జాతరలో రంగుల రాట్నం తప్ప ఏదీ ఎక్కలేదు.

నేను మిర్యాలగూడలో రైస్ మిల్లు మెకానిక్‌ని. ఎలివేటర్లు, బేరింగులు, బెల్టులు, షాఫ్టులు, ఇదే నా పని. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు నేను భయపడటానికీ, తర్వాత ధైర్యం తెచ్చుకోవడానికీ ఈ పనే కారణం.

మేం కూడా దసరా సెలవుల్లోనే వెళ్లాం. మిల్లులో ఓవర్‌హాలింగ్ అయిపోయింది, కొత్త వడ్లు ఇంకా రాలేదు, మధ్యలో దొరికిన నాలుగు రోజులు అవి. నేను, నా భార్య, ఇద్దరు బిడ్డలు. తెల్లవారుజామున బయల్దేరి నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే ఎక్కి, చౌటుప్పల్‌లో ఇడ్లీ తిని, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకున్నాం. బొంగ్లూరు తర్వాత వచ్చే 13వ నంబర్ ఎగ్జిట్ రావిర్యాలది. అక్కడ దిగితే పార్కు దగ్గరే.

ఆ రోలర్ కోస్టర్ పేరు రీకాయిల్. దాన్ని చూడగానే తొమ్మిదో తరగతి చదువుతున్న మా పెద్ద బిడ్డ నా చెయ్యి పట్టుకుంది. "డాడీ, నువ్వు ఎక్కకుంటే నేను గూడ ఎక్క" అంది. చిన్నది ఎత్తు సరిపోక ఆగిపోయింది. నా భార్యకు బీపీ ఉంది, అలాంటి వాళ్లు ఎక్కకూడదని అక్కడ బోర్డు కూడా ఉంది. అందుకని చిన్నదాన్నీ మా చెప్పులనూ ఫోన్లనూ తను చూసుకుంటానంది. ఇక తప్పించుకునే దారి లేదు.

నిజానికి ఎత్తంటే నాకు కొత్త కాదు. మిల్లులో ఎలివేటర్ తల దాకా నిచ్చెన ఎక్కి బేరింగ్ మార్చి వస్తాను. వానలో కూడా ఎక్కాను. కానీ అక్కడ నా చేతిలో స్పానర్ ఉంటుంది. ఎక్కడ కాలు పెట్టాలో, ఏ పైపు పట్టుకోవాలో నేనే చూసుకుంటాను. ఇక్కడ చేతులు ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. వేరేవాళ్లు చేసిన మిషన్, వేరేవాళ్లు బిగించిన బోల్టులు, వేరేవాళ్లు నొక్కే బటన్. లైన్లో నిలబడ్డంతసేపూ ఇదే ఆలోచన. పక్కన నా బిడ్డ. మధ్యలో ఏదైనా విడిపోతే నేను చెయ్యగలిగింది ఏమీ లేదు కదా అనుకుంటే నోరు ఎండిపోయింది.

అలవాటు కొద్దీ కళ్లు మిషన్ మీదికే పోయాయి. ముందు చక్రాలు చూశాను. బండి చక్రాల్లా పట్టా మీద దొర్లేవి మాత్రమే ఉంటాయనుకున్నాను. కాదు. పైన దొర్లేవి కొన్ని, పక్క నుంచి పట్టాకు ఆనుకుని ఉండేవి కొన్ని, పట్టా కింది నుంచి పట్టుకుని ఉండేవి కొన్ని. మూడు వైపుల నుంచీ పట్టా బందీ అయి ఉంది. బండి బోర్లా తిరిగినా పట్టాను వదలడానికి వీల్లేదు. కింది నుంచి పట్టుకునే ఆ చక్రాల పద్ధతికి జాన్ మిల్లర్ అనే అమెరికా ఇంజనీరు 1919లోనే పేటెంట్ తీసుకున్నాడని తర్వాత చదివాను. నూరేళ్లు దాటినా ఇప్పటికీ అదే సూత్రం. ఆ చక్రాలు కంటపడ్డాక నా గుండె దడ సగం తగ్గింది. మీకూ ఇదే చెబుతాను: లైన్లో ఉన్నప్పుడు పైన అరుస్తున్నవాళ్లను చూడకండి, కింద చక్రాలను చూడండి.

రెండో సగం తగ్గించింది అక్కడ పనిచేసే కుర్రాడు. మేం కూర్చోగానే భుజాల మీదుగా బార్ దిగింది. అతను ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి బార్‌ను కిందికి నొక్కి, మళ్లీ పైకి గుంజి చూశాడు. మా బిడ్డ దగ్గర రెండుసార్లు గుంజాడు. చివరి వరుస దాకా ఎవరినీ వదల్లేదు. నేను బెల్టు ఎక్కించాక టెన్షన్ చూసేదీ అలాగే, ఒకసారి చూసి మళ్లీ చూస్తాను. పని తెలిసినవాడి చెయ్యి ఎలా కదులుతుందో నాకు తెలుసు.

ఇక బండి కదిలింది. ముందుకు కాదు, వెనక్కి. రీకాయిల్ నెదర్లాండ్స్‌లోని వెకోమా కంపెనీ బూమరాంగ్ మోడల్. విసిరితే తిరిగి వచ్చే ఆ కర్ర పేరే దీనికీ పెట్టారు. పట్టా గుండ్రంగా కలవదు, రెండు చివరలూ ఆకాశంలోకి లేచి ఆగిపోతాయి. మొదట బండిని వెనక నుంచి పట్టి ఒక చివరకు లాగుతారు. ఈ మోడల్ సాధారణంగా 35 మీటర్ల ఎత్తు ఉంటుంది, అంటే పది పన్నెండు అంతస్తులు.

నిజమైన భయమంటే ఆ లాగుడే. మెల్లగా పోతుంది. వీపు పైకి, ముఖం కిందికి. ఒళ్లంతా ముందుకు జారి బార్ మీద వాలుతుంది, మనం బండి ఎక్కిన చోటు నేరుగా కళ్ల కింద కనబడుతూ దూరమవుతుంది. నా భార్య పసుపు చీర చుక్కంత అయ్యేదాకా చూస్తూనే ఉన్నాను. "డాడీ, మాట్లాడు" అంది బిడ్డ. ఏం మాట్లాడాలో తెలియక, "ఈ మోటార్ ఎన్ని హార్స్‌పవర్ ఉంటది అంటవ్?" అన్నాను. దానికి నవ్వొచ్చింది. ఆ నవ్వు వింటుండగానే వదిలేశారు.

ఆ తర్వాతంతా చాలా త్వరగా జరిగిపోయింది. ఎక్కిన ప్లాట్‌ఫాం మీదుగానే బండి దూసుకుపోయింది. గంటకు 75 కిలోమీటర్లు దాటుతుంది ఈ మోడల్. హైవే మీద కారులో ఆ స్పీడ్ మనకు లెక్కే కాదు, ఇక్కడ మాత్రం కంటి రెప్ప వెయ్యనివ్వదు. ముందు పాము పడగ లాంటి మెలిక వస్తుంది, దాన్ని కోబ్రా రోల్ అంటారు. అందులోనే రెండుసార్లు తలకిందులు. వెంటనే నిలువు లూప్, అది మూడోసారి.

తలకిందులైతే జేబులో చిల్లర రాలినట్టు మనమూ కిందికి వేలాడతామని నేను అనుకున్నాను. మీరూ అలాగే అనుకుంటూ ఉంటారు. అలా ఏం ఉండదు. లూప్‌లోకి ఎక్కేటప్పుడు ఎవరో హమాలీ వడ్ల బస్తా తెచ్చి నా ఒళ్లో దింపినట్టు అనిపించింది. గదవ ఛాతీకి ఆనింది. పైకి చేరాక ఆ బరువు వదిలి ఒళ్లు తేలికైంది, అర క్షణం కూడా లేదు. కానీ వీపు సీటును వదల్లేదు. నేల తల మీద కనిపించిందని కళ్లు చెబుతుంటే, ఒళ్లు మాత్రం మామూలుగా కూర్చున్నానంటోంది. కళ్లు మూసుకుని ఉంటే తలకిందులయ్యామని తెలిసేదే కాదు.

ఇది ఎందుకో నాకు అక్కడే అర్థమైంది. మా మిల్లులో ఎలివేటర్ అంటే మనుషులు ఎక్కేది కాదు. పొడుగాటి బెల్టుకు వరుసగా చిన్న బకెట్లు బిగించి ఉంటాయి. అవి కింద వడ్లు ముంచుకుని, పైన పుల్లీ చుట్టూ తిరిగి, వడ్లను అవతలి గొట్టంలోకి విసిరి, ఖాళీగా బోర్లా దిగి వస్తాయి. స్పీడ్ సరిగ్గా ఉన్నంతసేపు పుల్లీ దగ్గర వడ్లు నేరుగా కిందికి రాలవు, బయటి వైపుకే పోతాయి. బెల్టు జారి స్పీడ్ తగ్గిందంటే మాత్రం వచ్చిన దారినే రాలి అడుగున పోగుపడతాయి. ఇరవై ఏళ్లుగా నేను చూస్తున్నది ఇదే. గుండ్రంగా తిరిగే వస్తువు నేరుగా పోవాలని చూస్తుంది. వడ్లకు బయటి వైపు అడ్డం లేదు కాబట్టి గొట్టంలోకి ఎగిరిపోతాయి. మనకు బయటి వైపు సీటు అడ్డంగా ఉంది, అందుకే దానికి అతుక్కుపోతాం. చిన్నప్పుడు నీళ్ల చెంబును తాడుతో గిరగిరా తిప్పితే చుక్క కారకపోవడం మనమందరం చూసిందే.

లూప్ ఆకారం గురించి ఒక మాట. దూరం నుంచి చూసి మా బిడ్డ, "అది గుండ్రంగ లేదు, నీటిబొట్టు లెక్క ఉంది" అంది. నిజమే, పైన ఇరుకు, కింద వెడల్పు. న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో 1895లో లూప్ కట్టినప్పుడు నిండు వృత్తంలా కట్టారట. దాంట్లోకి బండి ఒక్కసారిగా తిరిగేసరికి ఎక్కినవాళ్ల మెడలు పట్టేసేవి. 1976లో కాలిఫోర్నియాలో వచ్చిన రివల్యూషన్ అనే కోస్టర్‌కు ఆంటన్ ష్వార్జ్‌కాఫ్, వెర్నర్ స్టెంగెల్ అనే జర్మనీ ఇంజనీర్లు ఈ నీటిబొట్టు ఆకారం వాడారు. వంపు మెల్లగా మొదలై పైకి పోయేకొద్దీ బిగుసుకుంటుంది కాబట్టి బరువు ఒక్క దెబ్బన మీద పడదు. మన మెడ నొప్పి లేకుండా దిగుతున్నామంటే ఆ వంపు లెక్కగట్టినవాళ్ల పుణ్యమే.

లూప్ దాటాక బండి రెండో చివరకు ఎక్కింది. ఈసారి ముఖం ఆకాశానికి. ఇక అయిపోయిందనుకున్నాను. కాలేదు. అక్కడ గొలుసు పట్టుకుని ఇంకా పైకి లాగి, మళ్లీ వదిలింది. అదే లూప్, అదే మెలిక, ఈసారి వెనక్కి. మొత్తం ఆరుసార్లు తలకిందులు. వెనక్కి పోయేటప్పుడు ఏం వస్తోందో కనిపించదు. విచిత్రంగా నాకు ఆ సగంలో భయం లేదు. కనిపించనప్పుడు చూసుకోవాల్సిన పనీ లేదు కదా. ఆ మిషన్ మీద బరువంతా వదిలేసి కూర్చున్నాను. పని చేసే మిషన్ ఎదుట నేను అలా ఊరికే కూర్చోవడం, నాకు తెలిసి, అదే మొదటిసారి.

మొత్తం రెండు నిమిషాలు కూడా కాలేదు. దిగాక కాళ్లు కొంచెం వణికాయి. బిడ్డ ముఖం ఎర్రగా అయింది, మాట్లాడకుండా నా మోచెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. కింద దాని మొదటి మాట, "ఇంకోసారి." రెండోసారి ముందు వరుసలో కూర్చున్నాం.

మీకు పనికొచ్చే నాలుగు విషయాలు చెబుతాను. కడుపు నిండా తిని ఎక్కొద్దు, బిర్యానీ తర్వాత అసలే వద్దు. పొద్దున గేటు తెరవగానే ఇటే రండి, లైన్ తక్కువ, భయపడటానికి టైమూ తక్కువ. తల వెనక్కి సీటుకు ఆనించి పెట్టుకోండి, కిందికి వంచి చూడబోతే మెడ పట్టేస్తుంది. కళ్లజోడు, ఫోన్ బయటే ఇచ్చి వెళ్లండి. గుండె జబ్బు, బీపీ, మెడ, నడుము సమస్యలు ఉన్నవాళ్లు, గర్భిణులు ఎక్కొద్దు, ఎవరు బతిమాలినా సరే. అలాంటివేమీ లేకపోతే ఎక్కండి. మొదటి లాగుడు అర నిమిషం ఓర్చుకోండి. ఆ అర నిమిషం మాట్లాడుతూనే ఉండండి, ఏదైనా సరే. మీ బాబు ఎత్తు మాత్రం ముందే కొలిపించండి. లైన్ చివర దాకా వచ్చి వెనక్కి పంపితే పిల్లలు చాలా చిన్నబోతారు. మా చిన్నదాన్ని మరిపించడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.

రెండోసారి దిగాక నేను ఆ కుర్రాడి దగ్గరికి వెళ్లి, "మంచిగ చెక్ చేస్తున్నవ్ తమ్మీ" అన్నాను. అతనికి అర్థం కాలేదు, ఏదైనా పోగొట్టుకున్నానేమో అనుకున్నాడు. నేను మిల్లు పని చేస్తానని, అతను బార్ రెండుసార్లు గుంజడం చూసి ధైర్యం వచ్చిందని చెప్పాను. అప్పుడు నవ్వాడు. ఏ ఊరని అడిగితే అచ్చంపేట దగ్గర తండా అన్నాడు. "పిల్లలు సన్నగ ఉంటరన్నా, బార్ దిగినట్టే కనిపిస్తది. అందుకే మళ్ల గుంజుత" అన్నాడు. అంతలో తర్వాతి బండి వచ్చింది. అతను మొదటి సీటు దగ్గరికి వెళ్లి బార్ మీద చెయ్యి వేశాడు.